తేజ లాటు, 11 శాతం నిమ్ము, రెండు పార్టీల చేతిలో ఒకే ఇంటర్వెల్: గుంటూరు కేస్ స్టడీ

గొడవ 2,400 టిక్కీల (నలభై కిలోల బస్తాల) తేజ రకం మిర్చి లాటు మీద. సరుకు గుంటూరు శివార్లలో ఒక కోల్డ్ స్టోరేజీలో ఉంది. అమ్మేది స్టాకిస్టు, కొనేది ఎగుమతి వ్యాపారి. యార్డుకు వేసవి సెలవులిచ్చాక లావాదేవీలన్నీ కోల్డ్ స్టోరేజీల దగ్గరే జరిగే రోజులవి. ఇద్దరూ రాసుకున్న కాగితంలో ఒక షరతు ఉంది: లాటు సగటు తేమ 11 శాతం మించకూడదు, మించితే ధరలో కోత. ఎంత పెరిగితే ఎంత కోతో వివరంగా రాసుకున్నారు. ఆ సగటును ఎలా తేల్చాలో మాత్రం రాసుకోలేదు. పాతికేళ్లుగా వ్యాపారం చేసేవాళ్లు కూడా ఇక్కడే తప్పటడుగు వేస్తారు.

11 అనే అంకె గాల్లోంచి ఊడిపడింది కాదు. ఆహార భద్రత నిబంధనల్లో ఎండు మిర్చికి ఉన్న గరిష్ఠ తేమ అదే. నిమ్ము ఎక్కువైతే బూజు పడుతుంది, బూజు వెనకాలే అఫ్లటాక్సిన్ అనే విషం వస్తుంది, అది తేలితే కంటైనర్ వెనక్కి వస్తుంది. కాబట్టి కొనేవాడి భయం అబద్ధం కాదు. అలాగని మరీ ఎండగడితే కాయ విరిగి గింజ రాలుతుంది, తూకం పడిపోతుంది. అమ్మేవాడి బాధా అబద్ధం కాదు.

ఒక ల్యాబు టోలుయీన్ డిస్టిలేషన్ పద్ధతిలో (టోలుయీన్ ద్రావకంలో మరిగించి, బయటికొచ్చిన నీటిని కొలిచి) తేమ చూసి ఒక పేజీ రిపోర్టు ఇచ్చింది. ఆ పేజీ పట్టుకునే ఇద్దరూ గణాంకాల లెక్కలు చూసే నా దగ్గరికి వచ్చారు. క్లయింట్ల కోరిక మీద ఇక్కడ అంకెలు కొంత మార్చాను. లెక్క నడిచిన తీరు మాత్రం అదే.

రిపోర్టు ఇంతే: 25 టిక్కీలు చూశాం. సగటు తేమ 10.6 శాతం. స్టాండర్డ్ డీవియేషన్ 1.2. సగటుకు 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (శాంపిల్ నుంచి వేసిన అంచనా హద్దులు) 10.1 నుంచి 11.1.

స్టాకిస్టు చదువుకున్నది: "నూటికి 95 టిక్కీలు పదికీ పదకొండుకీ మధ్యనే ఉన్నాయి మాస్టారూ. ఇంకేం కావాలి?"

వ్యాపారి చదువుకున్నది: "పై అంకె 11.1 అని వాళ్లే రాశారు కదండీ. 11 దాటినట్టే. కోత పడాల్సిందే."

రెండూ తప్పే. పైగా రెండు తప్పులూ వేరు వేరు. అందుకే గంటల తరబడి వాదించుకున్నా ఒకరి మాట ఇంకొకరి చెవికెక్కలేదు.

అమ్మేవాడి లెక్క

మొదటి తప్పును సిద్ధాంతంతో కాదు, ల్యాబు షీటుతోనే తేల్చాను. ఆ 25 టిక్కీల అంకెలు విడివిడిగా తెప్పించి, 10.1కి 11.1కి మధ్య ఉన్నవాటికి ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టమని స్టాకిస్టు గుమాస్తాకే ఇచ్చాను. పెడితే ఎనిమిదే వచ్చాయి. 11 దాటినవి తొమ్మిది. ఒక టిక్కీ 12.9 దగ్గర ఉంది, ఇంకొకటి 8.4 దగ్గర. గుమాస్తా మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టుకొచ్చాడు. "ఎనిమిదే అయ్యా," అన్నాడు షావుకారు గారి మొహం చూస్తూ.

రిపోర్టులో తప్పేం లేదు. ఆ ఇంటర్వెల్ టిక్కీల గురించి మాట్లాడటమే లేదు. అది మాట్లాడేది లాటు సగటు గురించి, అంటే 2,400 టిక్కీలూ కొలిస్తే వచ్చే ఒకే ఒక్క అంకె గురించి. టిక్కీకి టిక్కీకి ఉండే తేడాను 1.2 అనే స్టాండర్డ్ డీవియేషన్ చెబుతుంది. ఆ 1.2ను 25 వర్గమూలంతో, అంటే 5తో భాగిస్తే 0.24. ఇది స్టాండర్డ్ ఎర్రర్. ఇలా పాతికేసి టిక్కీల శాంపిల్ మళ్లీ మళ్లీ తీస్తే సగటు ఎంత ఊగుతుందో చెప్పే అంకె ఇది. దాన్ని 2.064తో గుణిస్తే 0.5కి ఒక వెంట్రుకవాసి తక్కువ. 10.6కి అటు ఇటు అంత వేస్తే 10.1, 11.1.

ఆ 2.064 దగ్గర ఒక్క క్షణం ఆగాలి. 95 శాతం ఇంటర్వెల్‌కు స్టాండర్డ్ ఎర్రర్‌ను గుణించే అంకెగా పుస్తకాల్లో అందరికీ గుర్తుండే 1.96 ఇక్కడ ఎందుకు కాదంటే, 1.2 కూడా ఆ పాతిక టిక్కీల నుంచి అంచనా వేసిందే. దానిలోనూ కొంత ఊగిసలాట ఉంది, ఆ మేరకు ఇంటర్వెల్ కాస్త వెడల్పు కావాలి. డబ్లిన్‌లో గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసిన గోసెట్ 1908లో ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో అచ్చువేసింది ఈ దిద్దుబాటే. అతని దగ్గరా వందల శాంపిళ్లు ఉండేవి కావు. మన కేసులో 1.96 వేసినా 10.13 నుంచి 11.07 వస్తుంది, దశాంశం దగ్గర సరిచేస్తే అదే అంకె. పాతిక ఉంటే తేడా పెద్దగా కనపడదు. ఐదారు టిక్కీలు చూసి 1.96 వాడే రిపోర్టులు వస్తుంటాయి, అక్కడ మాత్రం కొంప మునుగుతుంది.

స్టాకిస్టు అడగాలనుకున్నది నిజానికి వేరే ప్రశ్న: రేపు ఒక టిక్కీ విప్పితే తేమ ఎంత ఉండొచ్చు? దానికి వేరే ఇంటర్వెల్ ఉంది, ప్రిడిక్షన్ ఇంటర్వెల్ అంటారు. అందులో 1.2 భాగింపు లేకుండా పూర్తిగా వస్తుంది, దాని మీద సగటులోని అనిశ్చితి కొంచెం కలుస్తుంది. ఈ అంకెలతో అది 8.1 నుంచి 13.1. ఎక్కువ టిక్కీలు చూసినంత మాత్రాన ఇది ఇరుకవదు, ఎందుకంటే టిక్కీల మధ్య తేడా సరుకులోనే ఉంది. ఒక రైతు కల్లంలో పన్నెండు రోజులు ఎండబెడతాడు, ఇంకో రైతు కాయ విరగకుండా మూట కట్టే ముందు నీళ్లు చిలకరిస్తాడు.

కొనేవాడి లెక్క

వ్యాపారి తప్పు మరింత సూక్ష్మం. ఇంటర్వెల్ పై కొస 11 దాటింది కాబట్టి సగటు 11 దాటిందని ఆయన వాదన. అదే లెక్కన కింది కొస 10.1 కాబట్టి సగటు 10.1 అని స్టాకిస్టు ఎందుకు అనకూడదు? ఈ శాంపిల్‌తో కొట్టిపారేయలేని సగటుల వరుస అది. అందులో 10.3 ఉంది, 10.8 ఉంది, 11.05 కూడా ఉంది. 11 లోపల ఉందని నిరూపణ కాలేదు, 11 దాటిందనీ నిరూపణ కాలేదు. "అయితే రిపోర్టు దేనికండీ?" అన్నాడాయన, న్యాయంగానే. తేలలేదని తేల్చడం కూడా రిపోర్టు పనే అన్నాను. నచ్చలేదు.

వ్యాపారి వాళ్ల అబ్బాయి ఎంబీఏ చదివినవాడు. అతనికి 95 శాతం అంటే ఏమిటో తెలుసు, లేదా తెలుసనుకున్నాడు: "అసలు సగటు ఈ రెండంకెల మధ్య ఉండటానికి 95 శాతం అవకాశం ఉందన్నమాట." ఇంగ్లిషు మీడియం పుస్తకాలు చదివినవాళ్లలో కూడా మెజారిటీ ఇలాగే అంటారు. 1934లో గణాంక శాస్త్రవేత్త జెర్జీ నేమన్ ఈ పద్ధతిని ముందుకు తెచ్చినప్పుడు, 1937లో పూర్తి సిద్ధాంతం రాసినప్పుడు పట్టుపట్టింది సరిగ్గా ఇది కాదు అనే. లాటు సగటు ఒక స్థిరమైన అంకె. మనకు తెలియదంతే, అది ఎటూ కదలదు. కదిలేది ఇంటర్వెల్, శాంపిల్ మారినప్పుడల్లా. 95 అనేది ఆ తీసే పద్ధతికి దక్కిన మార్కు.

మిర్చి విత్తనంతో చెబితే వాళ్లకు వెంటనే ఎక్కింది. ప్యాకెట్ మీద మొలక 95 శాతం అని ఉందనుకోండి. ఆ హామీ ప్యాకెట్‌ది. మీరు నారుమడిలో పూడ్చిన ఫలానా గింజ బతికున్నదో చచ్చినదో అప్పటికే తేలిపోయి ఉంది, మట్టి కప్పి ఉంది కాబట్టి మీకు కనపడదు. దాన్ని చూసి ‘ఇది 95 శాతం బతికుంది’ అనరు, మంచి ప్యాకెట్‌లోది కాబట్టి నమ్మి నీళ్లు పోస్తారు.

అదే లాప్‌టాప్‌లోనూ చూపించాను. సగటు 11.3 ఉండేలా 2,400 ఊహా టిక్కీలు ఎక్సెల్‌లో తయారు చేసి, అందులోంచి పాతికేసి వందసార్లు తీసి, వంద ఇంటర్వెళ్లు గీశాం. మొదటిసారి 94 గీతలు 11.3ను దాటుకుంటూ పోయాయి, ఆరు పక్కకు పోయాయి. మళ్లీ నొక్కితే 97. అబ్బాయికి అర్థమైంది. అతని తర్వాతి ప్రశ్న మంచిది: "పక్కకు పోయిన ఆరింటిని చూసి గుర్తుపట్టగలమా?" గుర్తుపట్టలేం. వెడల్పులోనూ అవి మిగతావాటిలాగే ఉన్నాయి.

నిజం చెప్పాలంటే, రోజువారీ మాటల్లో ‘95 శాతం ఛాన్సు’ అనేవాళ్లతో నేను పెద్దగా పోట్లాడను. పద్ధతి గురించి తప్ప సరుకు గురించి ఇంకే సమాచారం లేనప్పుడు ఆ మాట వల్ల పెద్ద నష్టం లేదు. ఇంకో సమాచారం చేతికి వచ్చినప్పుడే ఆ మాట ముంచుతుంది. ఈ కేసులో ఆ సమాచారం వచ్చింది. దాని దగ్గరికి వెళ్లేముందు చిన్న పిట్టకథ.

స్టాకిస్టు వైపు లెక్కలు చూసే కుర్రాడొకడు రాత్రికి రాత్రి ఒక కిటుకు కనిపెట్టాడు. 95 బదులు 90 శాతం పెడితే ఇంటర్వెల్ 10.19 నుంచి 11.01. ఇంకొంచెం దించితే 11 లోపలికి వచ్చేస్తుంది! అవతల వ్యాపారి 99 కావాలన్నాడు, దానితో 9.9 నుంచి 11.3. వేలంపాటలా తయారైంది. సరుకు మారలేదు, శాంపిల్ మారలేదు, నమ్మకం పేరున ఒకరు గీత లాగుతున్నారు, ఒకరు కుదిస్తున్నారు. ఆ శాతం అంకెలు చూడకముందే నిర్ణయించుకోవాల్సింది. కుర్రాడి పనిలో ఒక నిజం మాత్రం ఉంది: ఒప్పందం అడిగింది ఒకవైపు ప్రశ్న, మించిందా లేదా అని మాత్రమే. ఒకవైపు 95 శాతం పై హద్దు లెక్కిస్తే వచ్చేది ఆ 11.01 అంకే. అయినా అది 11కి పైనే కదా, ఒప్పుకోక తప్పలేదు.

ఆ పాతిక టిక్కీలు ఎక్కడివి?

ఇద్దరూ ఇంటర్వెల్ మీద పడి కొట్టుకుంటుంటే నాకు అనుమానం వేరేచోట ఉంది. కోల్డ్ స్టోరేజీకి వెళ్లి, ల్యాబు కుర్రాడికి టిక్కీలు తీసి ఇచ్చిన హమాలీలను అడిగాను. "తలుపు పక్క వరసల్లోంచి ఇచ్చాం సార్. లోపలిది ఒకటి లాగాలంటే పది దించి మళ్లీ పది ఎక్కించాలి, ఎవరిస్తారు కూలి?" వాళ్ల మాటలో తప్పు లేదు. పై అంతస్తు చలిలో యాభై గజాల సందులో వంగి నడుస్తూ నలభై కిలోల టిక్కీ భుజాన వేసుకుని దిగేవాళ్లతో శాంపిలింగ్ సిద్ధాంతం మాట్లాడలేం.

తలుపు పక్కన ఏముంది? చివర్లో వచ్చిన సరుకు. రిజిస్టర్ తీసి చూస్తే, ఫిబ్రవరి, మార్చి మొదటి కోతల టిక్కీలు పై అంతస్తుల్లోకి, మధ్య వరసల్లోకి పోయాయి. తలుపు పక్కన ఉన్నవి ఏప్రిల్ ఆఖరు ఎండల్లో కల్లం మీద గలగలలాడేలా ఎండినవి. అంటే రిపోర్టులో 10.1 నుంచి 11.1 అన్నది మహా అయితే తలుపు పక్క వరసల సగటు గురించి. మిగతా మూడొంతుల లాటు గురించి ఆ రిపోర్టు నోరు మెదపలేదు.

ఈ కేసులో నేను చెప్పదలచుకున్నదంతా ఇక్కడే ఉంది. అటు ఇటు వేసే ఆ 0.5లో లెక్కకు వచ్చేది ఒక్క రకం తప్పే: లాటరీ వేసి టిక్కీలు తీసినప్పుడు యాదృచ్ఛికంగా వచ్చే తేడా. అందుబాటులో ఉన్నవి తీయడం వల్ల వచ్చే తప్పు అందులో కలవదు. ఎక్కువ టిక్కీలు చూస్తే అది పోదు కూడా. తలుపు దగ్గరే 250 టిక్కీలు తీసి ఉంటే ఇంటర్వెల్ 10.45 నుంచి 10.75కి ఇరుకయ్యేది. స్టాకిస్టు దాన్ని ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకునేవాడు. తప్పు అంతే ఉండేది, ధీమా మాత్రం మూడింతలయ్యేది.

నేమన్ 1934లో రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ ముందు చదివిన ఆ పత్రం అసలు విషయం ఇదే. ఇటలీలో 1921 జనాభా లెక్కల కాగితాలను తీసేయాల్సి వచ్చి, కొంత నమూనా మాత్రం దాచాలనుకున్నారు. జీనీ, గల్వానీ అనే ఇద్దరు గణాంక శాస్త్రవేత్తలు 214 జిల్లాల్లోంచి 29 ఎంచుకున్నారు. ముఖ్యమైన ఏడు లక్షణాల్లో సగటులు దేశం సగటుకు సరిపోయేలా, చూసి చూసి ఏరారు. ఆ ఏడూ సరిపోయాయి. మిగతా లక్షణాల దగ్గరకొచ్చేసరికి నమూనా దేశంతో పొసగలేదు. మనిషి ఏరితే తప్పు ఎంతో కొలిచే దారి ఉండదని, సరుకును వర్గాలుగా విడగొట్టి ఒక్కో వర్గంలో లాటరీ వేయమని నేమన్ అన్నాడు. కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ ఆ వాదనతో పాటే పుట్టింది. లాటరీ లేకుండా ఇంటర్వెల్ రాయడం అంటే పునాది తీసేసి గోడ నిలబెట్టుకోవడం.

మళ్లీ శాంపిల్ తీయించాం. కూలి ఇద్దరూ చెరిసగం. రిజిస్టర్ ప్రకారం లాటును మూడు బ్లాకులు చేశాం: తలుపు పక్క 600, మధ్య వరసలు 1,000, పై అంతస్తులు 800. ఒక్కో బ్లాకులో వరస నంబర్ల మీద లాటరీ వేసి 15, 25, 20, మొత్తం 60 టిక్కీలు. లోపలి నంబరు పడిన ప్రతిసారీ మేస్త్రీ నా వైపు ఒక చూపు చూసేవాడు. "దాని పక్కది ఇస్తే కాదా సార్?" కాదు అని ప్రతిసారీ చెప్పాల్సి వచ్చింది. ఆ పని కోసమే నేను రోజంతా స్వెటర్ వేసుకుని అక్కడ నిలబడ్డాను.

తలుపు పక్క సగటు 10.5, మధ్యలో 11.3, పైన 11.9. స్టాండర్డ్ డీవియేషన్లు వరసగా 1.1, 1.0, 1.2. టిక్కీల సంఖ్యల బరువుతో కలిపితే లాటు సగటు 11.3. స్టాండర్డ్ ఎర్రర్ 0.14. ఇంటర్వెల్ 11.02 నుంచి 11.58. 2,400లో 60 అంటే నలభయ్యో వంతే కాబట్టి, లాటులో టిక్కీలు పరిమితం కాబట్టి ఇంటర్వెల్‌ను కుదించే దిద్దుబాటుతో పెద్ద మార్పేమీ రాలేదు.

పాత ఇంటర్వెల్‌లో 11.3 లేదు. ‘వందలో తప్పిపోయే ఐదింటిలో అదొకటేమో’ అన్నాడు ఎంబీఏ అబ్బాయి. ఆ ఐదు లాటరీ వేసినవాళ్లకు వచ్చే తప్పులు. తలుపు దగ్గర ఏరినవాళ్లది ఆ ఖాతాలో వేయకూడదు.

11.02 దగ్గర ఇంకో చిక్కు. ల్యాబు అలవాటు ప్రకారం ఒక్క దశాంశంతో రాస్తే 11.0 అవుతుంది, కింది కొస గీత మీద కూర్చున్నట్టు కనపడుతుంది. రెండు దశాంశాలు రాయించాను. అయినా దాని మీద కోట కట్టకండని ఇద్దరికీ చెప్పాను: 11 దాటిందనడానికి ఆధారం ఉంది, కానీ దాటింది 0.02 కావచ్చు, 0.58 కావచ్చు. కోత డబ్బుల్లో ఆ రెంటికీ ఎంత దూరమో వాళ్లకే బాగా తెలుసు.

బ్లాకుల వారీగా చూసినప్పుడే దారి దొరికింది. పై అంతస్తుల ఇంటర్వెల్ 11.3 నుంచి 12.5, అనుమానానికి తావు లేదు. తలుపు పక్కది 9.9 నుంచి 11.1. మధ్యది 10.9 నుంచి 11.7. మధ్య బ్లాకు ఇంటర్వెల్‌లో 11 ఉంది కాబట్టి ఆ బ్లాకు పాసైనట్టే అని స్టాకిస్టు మళ్లీ మొదలుపెట్టాడు. అందులో 11.5 కూడా ఉందని చూపిస్తే నవ్వి ఊరుకున్నాడు.

చివరికి కుదిరింది ఇలా. పై అంతస్తుల 800 టిక్కీలు దించి మళ్లీ ఎండబెట్టాలి, ఆ ఖర్చు స్టాకిస్టుది. మిగతా 1,600 మీద శాంపిల్ సగటు 11.0. కోత లేదు. ఆ సగటులోనూ అటు ఇటు ఉందని ఇద్దరికీ తెలిసే ఒప్పుకున్నారు. ఒప్పందంలో కొత్త షరతు చేర్చాం: కోత శాంపిల్ సగటు మీద లెక్కించాలి, టిక్కీలు రిజిస్టర్ నంబర్లలో లాటరీ వేసి తీయాలి, 95 శాతం ఇంటర్వెల్ సగటుకు అటు ఇటు 0.3 మించి ఉంటే ఆ శాంపిల్ చాలదు, ఇంకా తీయాలి. వెడల్పు సగం చేయాలంటే టిక్కీలు నాలుగింతలు కావాలి కాబట్టి 0.3 కంటే బిగించమని నేను సలహా ఇవ్వలేదు, హమాలీ కూలి సరుకును మింగేస్తుంది.

ఎండబెట్టిన 800లో మొదట 20 టిక్కీలు తీశారు. సగటు 10.7, డీవియేషన్ 0.8, అటు ఇటు 0.37. షరతు ప్రకారం చాలదు. ఇంకో 12 లాటరీలో తీశారు. ఇలా వెడల్పు చూసి ఆపడం వల్ల 95 అన్న మార్కు కొద్దిగా తగ్గుతుంది గాని, సగటు అంకె నచ్చిందా లేదా చూసి ఆపడమంత ప్రమాదం కాదు. 32 టిక్కీలకు సగటు 10.6, డీవియేషన్ 0.8, ఇంటర్వెల్ 10.3 నుంచి 10.9. సరుకు లారీకెక్కింది.

లోడింగు దగ్గర వ్యాపారి కారం మిల్లు మేనేజర్ ఆ 800 టిక్కీల రిపోర్టు చూసి, "ఇక అన్నీ 11 లోపలే కదండీ, నేరుగా మిషన్‌లో వేసేస్తాం," అన్నాడు. సగటు మాత్రమే లోపల ఉందని, ఒక్కో టిక్కీ 12.3 దాకా తగలొచ్చని కాగితం వెనక రాసిచ్చాను. పై అంతస్తుల సరుకుకు టిక్కీ టిక్కీకీ మీటరు పెట్టాకే హాపర్‌లో పోయించమన్నాను.